‘సమానం’ అని నేను సంతకం చేసిన ట్రాన్సిస్టర్

ఎండాకాలంలో తిరిగి వచ్చిన మూడు పెట్టెల మీద మా మేనేజరు అంటించిన చీటీల్లో రెండే మాటలున్నాయి: ‘వైండింగ్ లోపం’. పెట్టెల మూతలు విప్పకముందే ఆ చీటీలు సిద్ధమయ్యాయి. విప్పి చూసిన తరువాత కూడా ఎవరూ వాటిని పీకలేదు. పీకనివాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి, ఈ సంగతి రాసేటప్పుడు కోపమంతా ఒక్కరి మీదనే కుమ్మరించి తప్పించుకునే వెసులుబాటు నాకు లేదు.

అవి డెబ్బైల మొదటి సంవత్సరాలు. నాచారం పారిశ్రామికవాడలో రేకుల కప్పు కింద ముప్పై అయిదు మందిమి పనిచేసే చిన్న ఫ్యాక్టరీ మాది. నేను గుంటూరు జిల్లా నుంచి వచ్చి అక్కడ డిజైన్ సూపర్‌వైజరుగా చేరాను. చిల్కానగర్‌లో రెండు గదుల ఇంట్లో అద్దెకుండి, మౌలాలి గుట్టను ఎదురుగా చూస్తూ రోజూ సైకిలు మీద పనికి వెళ్లేవాణ్ణి. చేరిన మొదటి రోజు నుంచీ నాకొక అలవాటు: గట్టి అట్ట నోట్‌బుక్కులో రోజుకొక పేజీ. పేజీ నెత్తిన తేదీ, దాని పక్కన గోడకున్న థర్మామీటరు చూసి గది వేడి, ఆ కింద ఆ రోజు చేసిన పని. గది వేడి ఎందుకని అందరూ నవ్వేవారు. మేనేజరయితే నాకు ‘రిజిస్టర్ సాబ్’ అని పేరే పెట్టాడు. ఆ నోట్‌బుక్కులు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. కింద రాసేదంతా వాటిని పక్కన పెట్టుకుని రాస్తున్నదే.

కరువు ఏళ్లు. బావులు ఎండిపోయాయి. కొత్త బావి ఎక్కడ తవ్వాలో చెప్పడానికి ప్రభుత్వ శాఖ మనుషులు ఊరూరా తిరిగి భూమిని పరీక్షించేవారు. నేలలో రెండు ఇనుప మేకులు దిగగొట్టి వాటి గుండా విద్యుత్తు పంపుతారు. మరో రెండు మేకుల దగ్గర దాన్ని కొలిచి, కింద రాయి ఉందో తడి ఉందో అంచనా కడతారు. ఎండి బిగుసుకుపోయిన నేలలోకి విద్యుత్తు దిగాలంటే రెండు వందల వోల్టులు కావాలి. పొలంలో కరెంటు స్తంభం ఉండదు. ఉన్నదల్లా జీపులోని పన్నెండు వోల్టుల బ్యాటరీ. ఆ పన్నెండును రెండు వందలు చేసే కన్వర్టర్ పెట్టెలు నలభై కావాలని ఆ శాఖ మా ఫ్యాక్టరీని అడిగింది. విడిభాగాలు ఎంచే పని నాకు అప్పగించారు.

విద్యుత్తుతో పరిచయం లేనివారికి ఒక్క మాట. బ్యాటరీ విద్యుత్తు ఒకే దిక్కున పారుతుంది. దాన్ని పెంచే ట్రాన్స్‌ఫార్మర్‌కేమో అటూ ఇటూ ఊగే విద్యుత్తు కావాలి. అందుకని రెండు ట్రాన్సిస్టర్లు పెడతాం. ఒకటి తెరుచుకుంటే రెండోది మూసుకుంటుంది. సెకనుకు కొన్ని వందల సార్లు వాటి వంతులు మారుతుంటాయి. అలా ఊగిన విద్యుత్తు ట్రాన్స్‌ఫార్మర్‌లో లోపలి కొద్ది చుట్ల నుంచి పైన ఉన్న ఎక్కువ చుట్లకు చేరి పెద్దదవుతుంది. దాన్ని నాలుగు డయోడ్లు మళ్లీ ఒకే దిక్కుకు మళ్లిస్తాయి, ఒక కెపాసిటర్ దాని ఎగుడుదిగుళ్లను సర్దుతుంది. పెట్టెలో ఉన్నది ఇంతే. ఇంత తక్కువ ఉన్నప్పుడు ప్రతి ఒక్కటీ సరిగ్గా ఉండి తీరాలి.

ఎంపికలో నాదొక పద్ధతి. కాగితాన్ని నిలువునా రెండుగా మడిచి, ఎడమ వైపు ఆ భాగాన్ని ఏమేమి చంపగలవో రాసేవాణ్ణి. కుడి వైపు ఒక్కొక్కదానికి నా సమాధానం. ఉదాహరణకు, బ్యాటరీ పన్నెండు వోల్టులదే అయినా మూసుకుని ఉన్న ట్రాన్సిస్టర్ మీద ఇరవై నాలుగు పడుతుంది; వంతు మారే క్షణంలో ఇంకా పైకి ఎగురుతుంది. కనుక అరవైకి తగ్గనిది కావాలి. డయోడ్లకు రెండు వందలు చాలదు, నాలుగు వందలు తట్టుకునేవి కావాలి. కెపాసిటర్ ఎండకు ఎండిపోతుంది కనుక మూడు వందల యాభై వోల్టులది. ట్రాన్సిస్టర్ కింద ఎడమ వైపు చివరి పదం ‘వేడి’. దానికి ఎదురుగా నేను రాసిన సమాధానం: సిలికాన్ ట్రాన్సిస్టర్. మరుగుతున్న నీళ్లలో వేసినా అది చెక్కుచెదరదు.

సిలికాన్‌ది విదేశాల నుంచి రావాలి. దిగుమతి లైసెన్సు కోసం రాసిన కాగితం ఎక్కడో ఆగింది. డిసెంబరులో ఒక రోజు మేనేజరు నా బల్ల దగ్గరికి వచ్చి అరచేతిలో పట్టేంత ఒక లోహపు బిళ్లలాంటి ట్రాన్సిస్టర్‌ను నా ముందు దొర్లించాడు.

“ఏమయ్యా రిజిస్టర్ సాబ్, నీ సిలికాన్ దొరసాని ఇంక ఓడ ఎక్కలేదంట. లైసెన్సు రావాలె, ఓడ రావాలె, గంతల కరువు గూడ అయిపోతది. ఇగ దీన్ని సూడు. కోఠిల డబ్బాలకు డబ్బాలున్నయ్.”

“ఇది జర్మేనియం, సార్.”

“అయితేంది? సమానమని పుస్తకంల ఉన్నది. నా మాట ఒద్దు, నీ కండ్లతోనే సూడు.”

ఆ రోజుల్లో ప్రతి వర్క్‌షాపులోనూ ఒక ‘సమానాల పుస్తకం’ ఉండేది. కావలసింది దొరకని దేశంలో మేమంతా దాని మీదనే బతికాం. ఎడమ వైపు మీకు కావలసిన ట్రాన్సిస్టర్ నంబరు, కుడి వైపు దానికి బదులు వాడదగినవి. అందులో ‘సమానం’ అని ఉంటే ఇక మాట లేదు. అది మాకు శాసనం. చూశాను. వోల్టులు సరిపోయాయి, ఆంపియర్లు సరిపోయాయి. జర్మేనియం వేడికి ఓర్వదని నాకు తెలియదా? తెలుసు. అందుకే పరీక్ష పెట్టాను. బల్ల మీద సర్క్యూట్ అమర్చి, గోడ కరెంటు నుంచి పన్నెండు వోల్టులిచ్చే సప్లై కలిపి, పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు వరకు నడిపాను. ట్రాన్సిస్టర్ మీద వేలు పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉంది. మడత కాగితంలో ‘వేడి’ అన్న పదం పక్కన టిక్కు పెట్టి, మార్పు చీటీ మీద ‘సమానం, వాడవచ్చు’ అని రాసి సంతకం చేశాను.

ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే వైండింగ్ విభాగంలో అయిదుగురు ఆడవాళ్లు. వాళ్లలో పెద్దామెకు ముప్పై అయిదేళ్లుంటాయి. జనగామ వైపు పల్లె నుంచి వచ్చి, ఉప్పల్‌లో చర్చి వెనకవాడలో ఉండేది. మిషన్ బడిలో ఏడు వరకు చదివింది. మౌలాలి దగ్గర రాళ్ల క్వారీలో కాలు నలిగి ఆమె భర్త ఇంట్లోనే ఉండిపోవడంతో ఆమె పని మీదనే ఇల్లు నడిచేది. కన్వర్టర్ల ట్రాన్స్‌ఫార్మర్లన్నీ ఆమెకే ఇచ్చాను. తీగ మీద తీగ పడకుండా, బిగువు ఎక్కువతక్కువలు కాకుండా చుట్టడం ఆమెకు వచ్చినట్టు నాచారంలో మరొకరికి రాదు.

చుట్టే యంత్రానికి చుట్లు లెక్కపెట్టే మీటరు ఒకటి ఉండేది. దాని పళ్లు అరిగి తొంభై దాటగానే జారేది. బాగుచేయించమని నేను మూడుసార్లు రాసిచ్చాను. మూడు తేదీలూ నోట్‌బుక్కులో ఉన్నాయి. బాగుచేయించలేదు. ఆమె ఆ మీటరును నమ్మడం మానేసి, రెండు స్టీలు గిన్నెలు, కొన్ని చింతగింజలు తెచ్చుకుంది. పది చుట్లు కాగానే ఒక గింజ కుడి గిన్నె నుంచి ఎడమ గిన్నెలోకి. పై వరస మొత్తం నాలుగు వందల ఇరవై చుట్లు. నలభై రెండు గింజలు. ట్రాన్స్‌ఫార్మర్ అయిపోయాక ఎడమ గిన్నె బల్ల మీద బోర్లించి గింజలు మళ్లీ లెక్కపెట్టి గానీ తీగ తెంచేది కాదు.

“అక్కా, ఇయ్యాల ఆటల ఎవరు గెలుస్తున్నరే?” అని పక్క సీటామె ఏడిపించేది.

“గెలుసుడు లేదు, ఓడుడు లేదు. నలభై రెండే. నీ లెక్క నువ్వు సూస్కో, ఇంటికి పోయేటాళ్లకు నీదాంట్ల పది తక్కువొస్తయ్.”

ఫిబ్రవరి చివరికి నలభై పెట్టెలూ తయారయ్యాయి. ముప్పై ఆ శాఖకు వెళ్లాయి, పది మా స్టోరులో ఉన్నాయి. మార్చిలో ఫిర్యాదు లేదు. ఏప్రిల్‌లోనూ లేదు. మే మొదటి వారంలో నల్గొండ వైపు నుంచి జీపులో మూడు పెట్టెలు వచ్చాయి. మూత విప్పితే మాడిన వార్నిష్ వాసన. మూడింటిలోనూ ట్రాన్స్‌ఫార్మర్ లోపలి చుట్లు నల్లబడి ఉన్నాయి. చీటీలు మాత్రం, ముందే చెప్పాను, ఆ మూతలు విప్పకముందే అంటించి ఉన్నాయి.

మేనేజరు ఆమెను అందరి ముందుకు పిలిపించాడు.

“చింతగింజలతోని ఇంజనీరింగ్ జేస్తే గిట్లనే అయితది! ఒక గింజ ఎక్కువ పడ్డదో తక్కువ పడ్డదో, పెట్టెకు మంట అంటుకున్నది.”

“గింజ ఊకె పడదు సార్. స్టీలు గిన్నె, పడితే సప్పుడైతది.”

“మళ్ల జవాబొకటి!”

“అడిగిన్రు, సెప్పిన. ఈ సార్ రోజు సూస్తనే ఉంటడు. ఈ సార్‌ను అడగున్రి.”

ఆమె నా వైపు తిరిగింది. ఆడవాళ్లు నలుగురూ తిరిగారు. ఆ యంత్రం మీటరు పాడైందని, ఆమె లెక్కలో తప్పు నేనెన్నడూ చూడలేదని, రెండు వాక్యాలు. నోరు తెరిచి చెబితే సరిపోయేది. నేనన్నది ఇది: “పరీక్షించి చెబుతాను.”

“పరీక్ష తర్వాత,” అన్నాడు మేనేజరు. “నువ్వయితే రేపటిసంది రాకు.”

ఆమె గిన్నెలు రెండూ సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. ఆ రోజు పేజీలో నా చేతిరాతతో ఉన్నది చదివితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది: ‘మూడు సెట్లు వాపసు. వైండింగ్ కాలినది. కారణం పరిశీలించవలెను.’ మూడు పెట్టెల సంగతి రాశాను. ఒక మనిషిని గెంటేసిన సంగతి రాయలేదు.

పరిశీలించడానికి పదకొండు రోజులు పట్టింది. పని ఒత్తిడి అని చెప్పుకున్నాను. నిజమేమిటంటే నేను కూడా సగం నమ్మాను. కళ్లకు కనిపిస్తున్నది మాడిన తీగ. కాబట్టి తప్పు తీగదే. కాలిన చోటే తప్పు పుట్టిందనుకోవడం ఈ వృత్తిలో నెల రోజుల అనుభవం ఉన్నవాడు కూడా చేయకూడని పొరపాటు. ట్రాన్సిస్టర్ తెరుచుకున్నది తెరుచుకున్నట్టే చచ్చిపోతే, బ్యాటరీ కరెంటంతా ఆగకుండా తీగలోకి దిగి దాన్ని మాడుస్తుంది. ఈ మాట ఇంకెవరైనా మరిచిపోతే వాళ్లను నేను వదిలేవాణ్ణా?

పన్నెండో రోజు మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె పక్క సీటామె నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

“సార్, అక్కకు యాడ పని ఇస్తలేరు. నాలుగు ఫ్యాక్టరీలు తిరిగింది. అండ్ల వైండింగోళ్లు కావాలని బోర్డు గూడ పెట్టిన్రు. అయినా గేటుకాడికెల్లే వాపస్ పంపుతున్నరు. ‘గింజలామె’ అని పేరు పెట్టిన్రంట. మన మేనేజరు సారే అందరికి సెప్పిండు.”

నాచారంలో ఫ్యాక్టరీలు ఎన్ని ఉన్నా మేనేజర్లంతా ఒక్క హోటల్లోనే చాయ్ తాగేవారు. ఒక గేటు దగ్గర పోయిన పేరు సాయంత్రానికి అన్ని గేట్ల దగ్గరా పోయేది. ఆమెకు మా దగ్గర పని పోవడం ఒక్కటే అయితే వేరు. ఆమె చేతికున్న పేరు పోయింది. ఆ పేరు తప్ప ఆమె దగ్గర ఇంకేమీ లేదు.

భోజనం డబ్బా మూసేసి స్టోరుకు వెళ్లి, బయటికి వెళ్లని పది పెట్టెల్లో ఒకటి తీసుకున్నాను. ఈసారి మూత తీయలేదు. బల్ల సప్లై వాడలేదు. ఉప్పల్ చౌరస్తా దుకాణంలో ఛార్జింగ్ చేయించి తెచ్చిన జీపు బ్యాటరీకే కలిపి, ఫ్యాక్టరీ ఆవరణలో మట్టి నేల మీద, ఎండలో పెట్టాను. పెట్టెకు థర్మామీటరు కట్టి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. అయిదేసి నిమిషాలకు వేడి ఎంతో, కరెంటు ఎంతో ఒక వరసలో రాశాను. ఇరవై నిమిషాలకు పెట్టె చెయ్యి పెట్టలేనంత కాలింది. నల్ల రంగు వేసిన పెట్టె; ఆ రంగు ఎంచిందీ నేనే. నేను ఏమీ మార్చకుండానే బ్యాటరీ నుంచి వెళ్లే కరెంటు మెల్లగా పెరగసాగింది. వేడెక్కితే, మూసుకుని ఉన్న ట్రాన్సిస్టర్ లోంచి కూడా కరెంటు కారుతుంది. కారిన కరెంటు దాన్ని ఇంకా వేడెక్కిస్తుంది. ఆ వేడికి ఇంకా కారుతుంది. ముప్పై అయిదో నిమిషంలో పెట్టె చేసే సన్నని రొద గొంతు మారి ఆగిపోయింది. తరువాత మాడిన వార్నిష్ వాసన.

లోపలికి వెళ్లి డిసెంబరు పేజీ తీశాను. పేజీ నెత్తిన నా చేతిరాత: గది వేడి ఇరవై మూడు డిగ్రీలు. కింద: మూత లేదు. ఇంకా కింద: బల్ల సప్లై. బల్ల సప్లై ఒక హద్దు దాటి కరెంటు ఇవ్వదు. ట్రాన్సిస్టర్ చావబోయినా అదే అడ్డుపడి కాపాడుతుంది. బ్యాటరీకి అటువంటి దయ లేదు. బ్యాటరీతో, మూత బిగించి, మే నెల ఎండలో వాడవలసిన వస్తువును నేను చలికాలంలో, నీడలో, మూత తీసి, గోడ కరెంటుతో పరీక్షించి ‘వేడి’ పక్కన టిక్కు పెట్టాను. గది వేడి ప్రతిరోజూ రాసిన మనిషిని. అది చదవడం మాత్రం నాకు పట్టలేదు.

ఆ సాయంత్రం వరకూ కూర్చుని, వాపసు వచ్చిన మూడు ట్రాన్స్‌ఫార్మర్ల చుట్లు విప్పి లెక్కపెట్టాను. మొదటిది నాలుగు వందల ఇరవై. రెండోది నాలుగు వందల ఇరవై. మూడోది లెక్కపెట్టేటప్పుడు, ఒక్కటంటే ఒక్క చుట్టు తేడా వస్తే బాగుండునని నాలో ఏదో కోరుకున్నది. ఆ సిగ్గుమాలిన కోరిక కూడా ఇక్కడ రాసి పెడుతున్నాను. మూడోదీ నాలుగు వందల ఇరవయ్యే.

మర్నాడు పొద్దున ఈ లెక్కలన్నీ మేనేజరు ముందు పెట్టాను. ఆయన శ్రద్ధగానే చదివాడు. తెలివితక్కువవాడు కాదు.

“మంచిది. ఇది ఇంకెవరికన్న సెప్పినవా?”

“లేదు సార్.”

“సెప్పకు. వైండింగ్ లోపమంటే ఏమైతది? మనిషిని తీసేసినం, కొత్తామెను పెట్టినం, అయిపోయె. ట్రాన్సిస్టర్ అంటే పోయిన ఇరవై ఏడు సెట్లు వాపస్ తేవాలె. ఇగ ఆర్డరు అనేదే ఉండదు. ఇంకొకటి. మార్పు చీటీ మీద నీ దస్కతే ఉన్నది, నాది లేదు. జర సోంచాయించుకో.”

“సార్, ఎండలో ఉన్న ప్రతి పెట్టె ఈ నెలలో చచ్చిపోతుంది.”

“ఎన్ని దినాలుంటదయ్యా ఎండ? జూన్ల వానలు వడ్తయ్, సల్లవడ్తది. మంచిగనే నడుస్తయ్.”

ఆ మాట ఆయన నవ్వుతూ అనలేదు, నిజంగానే అన్నాడు. అంటే, నీళ్లు లేనప్పుడు నీళ్లు వెతకవలసిన యంత్రం వానలు కురిసిన తరువాత చక్కగా పనిచేస్తుంది! ఊళ్లో జనమంతా చుట్టూ నిలబడి చూస్తుండగా ఆ పెట్టె పొగలు కక్కితే, జీపులో వచ్చినవాడు మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిపోతాడు. ఇక ఒక ఆడమనిషి ఉప్పల్ నుంచి నాచారం దాకా నడిచి, ప్రతి గేటు దగ్గరా పేరు చెప్పి, వెనక్కి నడవాలి. ఇవన్నీ జూన్ దాకా ఓర్చుకుంటే సరిపోతుంది. నాకు అంత కోపం అంతకు ముందెప్పుడూ రాలేదు. కేకలు వేశాను. ఏమన్నానో నోట్‌బుక్కులో లేదు. ఆ రోజు పేజీ సగం ఖాళీ.

ఆ సాయంత్రమే ఫ్యాక్టరీ పేరున్న కాగితం మీద ఒక ధ్రువపత్రం రాసుకుని ఉప్పల్ వెళ్లాను. చర్చి వెనకవాడలో వాళ్ల ఇల్లు అడిగితే ఎవరో చూపించారు. భర్త అరుగు మీద కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు.

“రా సార్, కూసో. పన్నెండు దినాలాయె. నాచారంకెల్లి ఉప్పల్‌కు తొవ్వ గిప్పుడు దొరికిందా?”

“ఏందా మాటలు, ఊకో జర,” అంటూ ఆమె లోపలి నుంచి వచ్చింది. నాకు మంచినీళ్లిచ్చి, కాగితం అందుకుని నిలబడే చదివింది. ‘పరీక్షలో ఈమె చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్లన్నీ సరిగా ఉన్నట్లు తేలినది. కన్వర్టర్ల లోపమునకు ఈమె బాధ్యురాలు కాదు.’ కింద నా సంతకం. రెండుసార్లు చదివింది.

“మంచిగనే రాసిన్రు సార్. గని ఎవరి తప్పో లేదు ఇండ్ల.”

“అది ఫ్యాక్టరీ లోపలి విషయం, అమ్మా.”

“నన్ను ఎల్లగొట్టినప్పుడు లోపలి విషయం గాలే? నాలుగు గేట్లకాడ ఎరుకైంది గద.” ఆమె గొంతు పెంచలేదు. “ఈమెది కాదు అని రాస్తే, మరి ఎవరిదని అడుగుతరు. జవాబు లేకుంటే, ఏదో పాపమని రాసిచ్చిండు, ఆమెదే అంటరు. మీరైనా గంతే అంటరు.”

నాకు కోపం వచ్చింది. న్యాయం చేయడానికి వచ్చినవాడి ముందు ఈ వంకలేమిటని ఆమె మీదే వచ్చింది. మంచినీళ్ల గ్లాసు కింద పెట్టాను.

“ఎవరిదో మీకు ఎరుకేనా?” అని అడిగింది.

“తెలుసు.”

“ఎవరిది మరి?”

అరుగు మీద భర్త ఆకు నమలడం ఆపేశాడు.

“నాది,” అన్నాను.

“గట్లనే రాయున్రి.”

కూర్చోవడానికి ఆమె వేసిన పీట మీదనే కాగితం పరిచి రాశాను. ట్రాన్సిస్టర్ నంబరు రాశాను. ‘ఎండలో, బ్యాటరీతో పరీక్షించకుండానే ఇది సమానమని ఆమోదించినవాడను నేను. లోపము నా ఎంపికలో ఉన్నది, వైండింగులో లేదు.’ రాశాక, దాన్ని కొని తెచ్చినది మేనేజరేననీ, నిజం తెలిసి కూడా దాచమన్నాడనీ కలపబోయాను. ఆమె పైనుంచి చూస్తూనే ఉంది.

“ఆయన్ది ఆయన రాసుకుంటడు సార్. మీది మీరు రాయున్రి, సాలు.”

ఆయన ఎన్నడూ రాసుకోలేదు. నేను మాత్రం అవే వాక్యాలు మర్నాడు ఆ శాఖకు పోస్టులో పంపాను. ఇరవై ఏడు పెట్టెలు వెనక్కి వచ్చాయి. వాటిలో ఎనిమిది అప్పటికే మాడి ఉన్నాయి. విడిభాగాలు ఎంచే పని నా నుంచి తీసేసి, పాత సామాను వేరుచేసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. దాన్ని గురించి నాకు చెప్పుకోవలసిన ఫిర్యాదు లేదు. మీటరు బాగుచేయించనివాడు, చాయ్ హోటల్లో ఒక మనిషి పేరు చెడగొట్టినవాడు అదే కుర్చీలో కూర్చుని ఉండటం గురించి మాత్రం ఉంది, ఇప్పటికీ.

వారం తరువాత ఒక పెద్దమనిషి గేటు దగ్గర నా కోసం అడుగుతున్నాడని కబురొచ్చింది. రెండు సందుల అవతల, బస్సుల్లో బ్యాటరీతో ట్యూబ్‌లైట్లు వెలిగించే పెట్టెలు చేసే ఫ్యాక్టరీ సూపర్‌వైజరట. అతని చేతిలో ఆ కాగితం ఉంది; నాలుగు మడతల దగ్గర అప్పుడే నలిగింది.

“ఇది నిజంగ మీరే రాసిన్రా?”

“నేనే రాశాను.”

“ఎవరన్న తన మీద తనే గిట్ల రాసుకుంటరా అని మా మేనేజరు నమ్ముతలేడు. ఆమెనే ఎవరితోనన్న రాయించుకున్నదేమో అడిగి రమ్మన్నడు.”

“అందులో ప్రతి అక్షరం నాదే. ఆ వైండింగ్ మీకు దొరకడం మీ అదృష్టం.”

“అయితే సోమారం సంది రమ్మంట.” కాగితం మడవబోయి ఆగాడు. నంబరు దగ్గర వేలు పెట్టాడు. “అన్నా, ఈ ట్రాన్సిస్టర్ కోఠిల తెచ్చిందేనా?”

“అవును.”

“మేం గూడ గదే పెడుతున్నం. పుస్తకంల సమానమని ఉన్నది గద.”

“ఎండలో పెట్టి చూశారా?”

“ఎండల ఎందుకు? టేబుల్ మీద సూసినం. మస్తు నడుస్తున్నది.”

ఆ గేటు దగ్గరే అతణ్ణి పట్టుకుని, గొంతు బొంగురుపోయేదాకా అరిచాను. వాచ్‌మన్ లేచి వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడ్డాడు.